వెంట్రుకవాసి కూడా లేని తేడా: ఎలక్ట్రిక్ గిటార్‌కి ఏ తీగలు వేయాలి

వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ముందు వరసలు ఖాళీగా ఉంచి అందరూ వెనక సర్దుకున్నారు, కాలేజీ అలవాటు ఇంకా పోయినట్టు లేదు. కాస్త ముందుకి జరగండి. ఇవాళ నేను చూపించబోయేవి మరీ చిన్న వస్తువులు. వెనకనుంచి చూస్తే నేను ఉత్త చేతులు ఊపుతున్నట్టు ఉంటుంది.

ముందే చెప్పేస్తాను, నేను గిటార్ నేర్పేవాణ్ణి కాదు. గిటార్లు బాగుచేసేవాణ్ణి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో పదిమందిలో ఏడుగురు అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ గేజ్ వేయమంటావ్?" నేను నోరు తెరిచేలోపే వాళ్ళే ఒక పేరు చెబుతారు. ఫలానా ఆయన 11 సెట్టు వాడతాడట, నాకూ అదే కావాలి అంటారు. "సరే నాయనా, ఆయన ఏ ట్యూనింగ్‌లో వాయిస్తాడు? ఆయన గిటార్ పొడవెంత?" అని అడిగితే మాత్రం తెలియదు. మనిషి ఎత్తు, భుజాల కొలత తెలియకుండా నడుము కొలత ఒక్కటి చెప్పి చొక్కా కుట్టమన్నట్టు ఉంటుంది ఇది.

గేజ్ అంటే తీగ మందం. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలు అని లెక్క. మనం 9 సెట్టు, 10 సెట్టు అంటున్నది ఆ సెట్టులో అన్నిటికన్నా సన్నటి తీగ గురించి. మామూలు 9 సెట్టులో తీగలు 9, 11, 16, 24, 32, 42. పది సెట్టులో 10, 13, 17, 26, 36, 46. మొదటి మూడూ ఉత్త స్టీలు తీగలు, వాటిని ప్లెయిన్ అంటాం. తర్వాతి మూడిటికీ లోపల సన్నటి స్టీలు తీగ, దాని చుట్టూ ఇంకో తీగ చుట్టి ఉంటుంది.

ఇదిగో, నా చేతిలో రెండు తీగలున్నాయి. ఒకటి 9, ఒకటి 10. కళ్ళు మూసుకుని వేళ్ళతో నలిపి ఏది ఏదో చెప్పండి చూద్దాం. తీసుకో తమ్ముడూ. ఇదా? తప్పు. నువ్వమ్మా? నువ్వు చెప్పింది కరెక్టే, కానీ ఊహించి చెప్పావు, నీ మొహంలోనే తెలిసిపోతోంది. (నవ్వులు) నాకూ వేళ్ళతో తెలియదు, అందుకే జేబులో మైక్రోమీటర్ పెట్టుకు తిరుగుతాను. 9 అంటే 0.23 మిల్లీమీటర్లు, 10 అంటే 0.25. మధ్య తేడా 0.025. మన తల వెంట్రుక మామూలుగా ఇంతకి రెండు మూడింతల మందం ఉంటుంది. వెంట్రుకవాసి తేడా అంటాం కదా, ఇది వెంట్రుకలో సగం కూడా లేదు.

మరి ఇంత చిన్నదానికి ఇంత గొడవ దేనికి? తీగ బరువు మందాన్ని బట్టి కాదు, మందాన్ని మందంతోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి పెరుగుతుంది. తొమ్మిది తొమ్ముదులు ఎనభై ఒకటి. పది పదులు వంద. ఎనభై ఒకటి నుంచి వందకి, అంటే దాదాపు పావు వంతు ఎక్కువ. ఒకే పొడవు మీద ఒకే స్వరం పలకాలంటే, ఎంత బరువైన తీగైతే అంత బిగువుగా లాగి కట్టాలి. దీన్ని అందరూ టెన్షన్ అంటారు. మన ఇళ్ళలో టెన్షన్ అంటే ఇంకేదో, అందుకే నేను బిగువు అంటాను. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ మీద, దాన్నే స్ట్రాట్ అంటాం, మామూలు ట్యూనింగ్‌లో 9 తీగ బిగువు 6 కేజీలకి కాస్త తక్కువ. అక్కడే 10 వేస్తే 7 కేజీల 350 గ్రాములు. ఆరు తీగలూ కలిపితే 9 సెట్టు నెక్‌ని, అంటే గిటార్ మెడని, 38, 39 కేజీలతో లాగుతుంది. పది సెట్టు సుమారు 47 కేజీలతో. సిమెంటు బస్తా 50 కేజీలు. మీ గదిలో గోడకి ఆనించి పెట్టిన గిటార్ రాత్రీ పగలూ ఆ పని చేస్తూనే ఉంటుంది. మీరు ప్రాక్టీసు మానేసినా అది మానదు.

ఇక్కడ ఒక ప్రయోగం చేద్దాం. బల్ల మీద ఉన్న రెండు గిటార్లూ ఒకే మోడల్. రెండింటికీ బ్రిడ్జ్, అంటే కింది వైపు తీగలు ఆనే భాగం, కదలకుండా వెనక చెక్కముక్క దూర్చి బిగించాను. ఎందుకో తర్వాత చెబుతాను. ఎర్ర గిటార్‌కి 9, నల్లదానికి 10. ఫ్రెట్‌బోర్డు మీద పన్నెండో మెట్టు దగ్గర తెల్ల టేపు అంటించాను చూడండి. మెట్టు అంటే ఫ్రెట్, మా అమ్మమ్మగారు వీణ వాయించేవారు, మా ఇంట్లో మెట్లనే అనేవాళ్ళం.

ఎవరైనా ఒకరు రండి. రా అమ్మా. ఎర్ర గిటార్ తీసుకో. మొదటి తీగ, పన్నెండో మెట్టు. ట్యూనర్ చూస్తూ ఒక పూర్తి స్వరం బెండ్ చెయ్యి, అంటే తీగని పక్కకి తోసి శ్రుతి పెంచు. ఇంకాస్త... ఇంకాస్త... ఆ, అక్కడ ఆపు. తీగ ఎక్కడిదాకా వెళ్ళిందో టేపు మీద గీత పెడుతున్నాను. రెండో తీగని దాటేసి దాదాపు మూడో తీగ ఉండే చోటిదాకా వెళ్ళింది. ఇప్పుడు నల్లది. ముందు ఒక ప్రశ్న. 10 తీగ లావు కదా, అదే స్వరం రావాలంటే ఇంకా ఎక్కువ దూరం తోయాలా, తక్కువా? ఎక్కువ అనేవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. తోయమ్మా. ట్యూనర్ చూడు. ఆపు.

గీత ఎక్కడ పడిందో చూడండి. అక్కడే. అదే దూరం.

నేనూ చాలాకాలం లావు తీగని ఎక్కువ దూరం తోయాలనే అనుకున్నాను. తీగ సన్నదైనా లావైనా, ఒకే పొడవు మీద ఒకే స్వరానికి బిగిస్తే, లోపలి స్టీలు సాగిన శాతం రెండిట్లోనూ ఒకటే. కాబట్టి అదే స్వరం పైకి వెళ్ళాలంటే ఇంకా సాగాల్సినదీ అంతే. దూరం మారదు. మారేది నీ వేలు పెట్టాల్సిన బలం. ఏమ్మా, ఏది కష్టంగా ఉంది? నల్లది. ఎంత? "కొంచెం." కొంచెమే, పావు వంతు. ఒకసారి చేస్తే కొంచెమే. రెండు గంటల ప్రోగ్రాంలో మూడొందలసార్లు చేస్తే అది కొంచెం కాదు. థాంక్స్ అమ్మా, కూర్చో.

ఇందులోంచే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. సన్నతీగలు తొందరగా తెగిపోతాయని భయపడుతుంటారు. స్టీలు మీద పడే ఒత్తిడి రెండిటికీ ఒకటే అయినప్పుడు, బిగువు వల్ల మాత్రమే 9 ముందు తెగాలన్న రూలేం లేదు. నా దగ్గరికి తెగి వచ్చే తీగలు తొంభై పాళ్ళు బ్రిడ్జ్ దగ్గర తెగినవే. అక్కడ తీగ ఆనుకునే శాడిల్ మీద చిన్న గరుకు ఉంటుంది, గోరుతో గీరితే తెలుస్తుంది. ఆ గరుకు సన్నతీగని తొందరగా కోసేస్తుంది, అది నిజమే. దాన్ని సన్నటి ఎమెరీ పేపరుతో రెండు నిమిషాలు రుద్దితే పోతుంది. తీగని మార్చక్కర్లేదు.

ఇప్పుడు టెక్సాస్‌కి వెళ్దాం. ఈ చర్చ ఎక్కడ మొదలైనా చివరికి అక్కడికే చేరుతుంది. డాలస్ కుర్రాడు స్టీవీ రే వాన్, బ్లూస్ గిటారిస్టు. ఆయన 13తో మొదలయ్యే సెట్టు వాడేవాడు. వేళ్ళ తోలు ఊడిపోతే సూపర్ గ్లూతో అంటించుకుని స్టేజీ ఎక్కేవాడు. ఆ కథ వినే ప్రపంచంలో సగంమంది కుర్రాళ్ళు వేళ్ళు పాడుచేసుకున్నారు. అదే రాష్ట్రంలో హూస్టన్ ఆయన బిల్లీ గిబ్బన్స్, జీజీ టాప్ బ్యాండు గిటారిస్టు. కుర్రతనంలో ఈయనా లావు తీగలే వేసుకునేవాడు. ఒకరోజు బ్లూస్ దిగ్గజం బి.బి. కింగ్ ఈయన గిటార్ తీసుకుని చూసి, ఎందుకయ్యా ఇంత కష్టపడుతున్నావని అడిగాడట. ఆ తర్వాత గిబ్బన్స్ తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ 7 దాకా వచ్చాడు. ఏడు! షాపులో అడిగితే ఎగాదిగా చూస్తారు.

ఇద్దరి బిగువూ లెక్క వేద్దాం. పొడవు ఇద్దరికీ ఒకటే అనుకుందాం, స్ట్రాట్ పొడవు. వాన్ అర స్వరం దించి వాయించేవాడు, అది కూడా కలిపితే మొదటి తీగ మీద సుమారు 11 కేజీలు. గిబ్బన్స్ 7 తీగ మామూలు ట్యూనింగ్‌లో మూడున్నర కేజీల పైచిలుకు. మూడింతల తేడా. ఇద్దరి సౌండూ వినండి. గిబ్బన్స్ సౌండు పల్చగా ఉందని ఎవరైనా అనగలరా? అది గోడలు వణికించే సౌండు. లావు తీగ వేస్తే సౌండూ లావవుతుందన్న మాట అక్కడే సగం చచ్చిపోయింది.

సగమే అన్నాను. మిగతా సగం కూడా చెప్పాలి. లావు తీగలో స్టీలు ఎక్కువ కాబట్టి పికప్ దగ్గర, అంటే తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం దగ్గర, సిగ్నల్ కాస్త పెద్దగా వస్తుంది. అంతవరకూ అయితే వాల్యూం నాబ్ కాస్త తిప్పితే సరిపోతుంది. అసలైన తేడా కొట్టే చేతిది. సన్నతీగని పిక్‌తో గట్టిగా కొడితే కొట్టిన క్షణంలో శ్రుతి పైకి లేచి, మళ్ళీ దిగుతుంది. కార్డ్ పట్టేటప్పుడు గట్టిగా నొక్కినా అంతే, శ్రుతి పైకి పోతుంది. బరువు చెయ్యి ఉన్నవాడు 9 మీద రిథమ్ కొడితే ప్రతి దెబ్బా కాస్త అపశ్రుతి పలుకుతుంది. 11 వేస్తే అదే చేతికి అదే దెబ్బ శుభ్రంగా వస్తుంది. వాన్ చెయ్యి అలాంటిది. ఆయన తీగలు ఆయన చేతికి సరిపోయాయి. మనం ఆయన తీగలు కొనుక్కోగలం, ఆయన చేతిని కొనుక్కోలేం కదా.

నేను కొనుక్కోవాలని చూశాను. ఇంజనీరింగ్ రెండో ఏడు. మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటార్, సెకండ్ హ్యాండ్. వాన్ క్యాసెట్టు ఒకటి సీనియర్ ఇచ్చాడు. షాపుకి వెళ్ళి "మీ దగ్గరున్న వాటిలో లావు తీగలు ఇవ్వండి" అన్నాను. అలాగే అడిగాను, మక్కీకి మక్కీ. ఆ పెద్దమనిషి ఒక ప్యాకెట్ ఇచ్చాడు. హాస్టల్‌కి వచ్చి రాత్రి పదకొండు దాకా కూర్చుని బిగించాను. ఆంప్‌లో పెడితే మొదటి రెండు తీగలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి, కింది నాలుగూ పక్కగదిలోంచి వినపడుతున్నట్టున్నాయి. పికప్ పోయిందనుకున్నాను. డబ్బుల్లేక రెండు నెలలు అలాగే వాయించాను. పొద్దున్నే లేస్తే బొటనవేలి మొదట్లో నొప్పి, నోట్సు రాయలేకపోయేవాణ్ణి. నెక్ విల్లులా వంగిపోయింది. తీగలకీ నెక్‌కీ మధ్య పెన్సిల్ దూరేది.

అవి అకౌస్టిక్ గిటార్ తీగలు. 12 సెట్టు. వాటికి పైన చుట్టేది కంచు. కంచుని అయస్కాంతం పట్టించుకోదు, ఎలక్ట్రిక్ పికప్ ఏమో అయస్కాంతం మీద నడిచేది. చుట్టులేని రెండు తీగలు మాత్రం ఉత్త స్టీలు కాబట్టి మోగాయి. పైగా ఆ సెట్టు మొత్తం బిగువు 70 కేజీల పైన. పాపం ఆ నెక్ తప్పేముంది. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది, నేను చదవలేదు. షాపాయన్ని ఏమంటాం, లావు తీగలు అడిగాను, లావు తీగలు ఇచ్చాడు. అప్పట్నుంచే నాకు ఈ బాగుచేసే పిచ్చి పట్టుకుంది. ఆ నెక్‌ని సరిచెయ్యడంతోనే మొదలైంది.

అసలు సన్నతీగల సెట్లు ఎప్పుడూ ఉన్నవి కావు. 1950లలో షాపులో దొరికే ఎలక్ట్రిక్ సెట్లన్నీ లావే, మూడో తీగ కూడా చుట్టు తీగే. చుట్టు తీగని బెండ్ చెయ్యడం పెద్ద పని. లూసియానా నుంచి వచ్చిన జేమ్స్ బర్టన్, తర్వాత ఎల్విస్ దగ్గర వాయించినాయన, బాంజో తీగలు తెచ్చి పైతీగల స్థానంలో కట్టుకున్నాడు. ఇలాంటి తంటాలు చాలామంది పడ్డారు. లాస్ ఏంజిలెస్‌లోని టార్జానాలో ఎర్నీ బాల్ అనే ఆయన గిటార్ షాపు నడుపుతూ పాఠాలు చెప్పేవాడు. పిల్లలందరికీ మూడో తీగ దగ్గరే చెయ్యి నొప్పి. 29 మందం ఉన్న చుట్టు తీగ, ఉంటుంది మరి. దాని బదులు 24 వేసిచ్చేవాడు. చివరికి తానే సన్నటి సెట్లు తయారుచేయించి 1962 ప్రాంతంలో స్లింకీ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ మనం 10 సెట్టుని రెగ్యులర్ అంటున్నామంటే ఆయన పెట్టిన పేరే. మన రెగ్యులర్ ఆ రోజుల్లో వాళ్ళకి దారం.

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఆయన, బ్లాక్ సబాత్ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ కథ ఇంకోరకం. 1965లో, పదిహేడేళ్ళప్పుడు, రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్నతీగలు వేసుకున్నాడు, అదీ చాలక 1971 నాటికి ఒకటిన్నర స్వరం కిందికి దించాడు. బిగువు తగ్గించుకోవడానికి ఆయన చేసిన పనుల్లోంచి బ్లాక్ సబాత్ సౌండు పుట్టింది. హెవీ మెటల్ అంటే లావు తీగలే అనేవాళ్ళకి ఈ మాట చెప్పండి, ఆ సంగీతం మొదలైందే చెయ్యి నొప్పి తగ్గించుకునే ప్రయత్నంలో.

మరి మీకేది? నేనైతే గేజ్ నుంచి మొదలుపెట్టను. మొదట అడిగేది ఏ శ్రుతికి కడతావని. సింగర్ కోసం అర స్వరం దించితే బిగువు 11 శాతం పడిపోతుంది. ఒక స్వరం దించితే 20 శాతం పైన. కాబట్టి అర స్వరం దించే బ్యాండులో ఉన్నవాడికి 10 సెట్టు వేస్తే, మామూలు ట్యూనింగ్‌లో 9కీ 10కీ మధ్యలో ఉన్నట్టు ఉంటుంది. ఒక స్వరం దించేవాడికి 11 వేస్తే మామూలు 10 లాగే ఉంటుంది. 11 వాడుతున్నానని ఫ్రెండ్స్ దగ్గర గొప్పలు చెప్పుకోవచ్చు, చెయ్యికి మాత్రం తెలియదు.

డ్రాప్ డి వాళ్ళకి, అంటే అన్నిటికన్నా లావు తీగ ఒక్కదాన్నే ఒక స్వరం దించి వాయించేవాళ్ళకి, ఆ ఒక్క తీగతోనే పేచీ. 46 తీగని ఇ నుంచి డికి దించగానే బట్టలారేసుకునే తాడులా వదులైపోతుంది. దానికి మొత్తం సెట్టు మార్చక్కర్లేదు. 10 నుంచి 52 దాకా ఉండే సెట్టు తీసుకోండి. పైతీగలు మామూలు పదే, కిందివి లావు. 46 ఇలో ఎంత బిగువుగా ఉంటుందో, 52 డిలో దాదాపు అంతే ఉంటుంది. లీడ్ వాయిస్తూ రిఫ్‌లు కూడా కొట్టేవాళ్ళకి 9 నుంచి 46 సెట్టు ఉంది, నాకు వ్యక్తిగతంగా అదే ఇష్టం.

తర్వాత గిటార్ పొడవు. నట్, అంటే నెక్ పైకొసన తీగలు కూర్చునే గాడులున్న పట్టీ, అక్కడి నుంచి బ్రిడ్జ్ దాకా స్ట్రాట్‌కి 25.5 అంగుళాలు, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్‌కి 24.75. ముప్పావు అంగుళమే, కానీ బిగువు సుమారు 6 శాతం తగ్గుతుంది. ఫెండర్ స్ట్రాట్లు ఫ్యాక్టరీ నుంచి మామూలుగా 9తో, గిబ్సన్‌లు 10తో రావడం ఊరికే కాదు. స్నేహితుడి లెస్ పాల్ మీద 10 వెన్నలా ఉందని వచ్చి తన స్ట్రాట్‌కి 10 వేయించుకుని "ఇలా లేదేంటన్నా" అని అడిగేవాళ్ళు నెలకి ఇద్దరైనా వస్తారు. వాళ్ళ కోసమే 9.5 సెట్లు కూడా పుట్టాయి. నవ్వకండి, నిజంగానే బాగుంటాయి.

ఆ తర్వాతే ఏం వాయిస్తావన్నది. మన దగ్గర గమకాల మీద మోజున్నవాళ్ళు చాలామంది వస్తారు. గిటార్ మీద రాగం వాయించాలని. వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగని పక్కకి లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తారు. గిటార్ మీద అది చెయ్యాలంటే బిగువు తక్కువ ఉండాలి. ఇక్కడ పాలకొల్లు శ్రీనివాస్ గారిని తలుచుకోవాలి, మాండలిన్ శ్రీనివాస్. మాండలిన్‌కి తీగలు జంటలు జంటలుగా నాలుగు జతలుంటాయి. రెండేసి తీగల్ని కలిపి లాగి గమకం పలికించడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు మానేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు. సంప్రదాయం ఏమంటుందో చూడలేదు, ఆయన చేతికీ ఆయన సంగీతానికీ ఏం కావాలో చూసుకున్నారు. గమకాలు కావాలంటే నేను 9, అవసరమైతే 8 వేసి, శ్రుతి కూడా ఒక మెట్టు దించమంటాను. జాజ్ వాయించే పెద్దాయన ఒకరొస్తారు, ఆయనకి 12, మూడో తీగ కూడా చుట్టు తీగే, బెండ్ జోలికే వెళ్ళరు. ఇద్దరూ కరెక్టే.

ఒక హెచ్చరిక. "సౌండు పల్చబడింది, 11 వేద్దామనుకుంటున్నా" అని వచ్చినవాళ్ళ తీగలు మొదట వేలితో తడిమి చూస్తాను. ఎనిమిది నెలల పాతవి, నల్లబడి, తుప్పుతో గరగరలాడుతుంటాయి. విశాఖ నుంచి వచ్చినవైతే ఇంకా ఘోరం, ఉప్పుగాలి స్టీలుని ఊరికే వదలదు. అలాంటివాళ్ళకి పాత గేజ్‌లోనే కొత్త సెట్టు వేసిస్తాను. సగంమంది మళ్ళీ 11 మాట ఎత్తరు.

గేజ్ మార్చాలనే నిశ్చయించుకుంటే, ఊరికే తీగలు మార్చి వదిలెయ్యకండి. 9 తీసి 10 వెయ్యగానే 8 కేజీల లాగుడు అదనంగా పడుతుంది, నెక్ ముందుకి వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. అప్పుడు చాలామంది "10 భలే గట్టిగా ఉంది" అంటారు. గట్టిదనం 10ది కొంత, పైకి లేచిన తీగలది కొంత. నెక్ లోపల ట్రస్ రాడ్ అని కడ్డీ ఉంటుంది, దాన్ని పావు తిప్పు బిగించి, ఒక పూట ఆగి మళ్ళీ చూడాలి. ఎంత వంపు ఉండాలంటే, మొదటి మెట్టూ చివరి మెట్టూ రెండూ నొక్కిపట్టి, ఏడో మెట్టు దగ్గర తీగ కింద ఖాళీ చూడండి. పాత 10 తీగ ముక్క ఒకటి అందులో దూరి కాస్త ఆడితే చాలు. కొలిచే పరికరం కొనక్కర్లేదు, పారేసే తీగే పరికరం.

ట్రెమొలో, అంటే కడ్డీతో ఊపే స్ప్రింగుల బ్రిడ్జ్, ఉన్న గిటార్ అయితే బ్రిడ్జ్ కూడా ముందుకి లేస్తుంది. వెనక మూత తీసి స్ప్రింగులు పట్టుకున్న స్క్రూలు బిగించాలి. ఇందాక ప్రయోగంలో చెక్కముక్క ఎందుకు పెట్టానన్నది కూడా ఇదే. బ్రిడ్జ్ స్ప్రింగుల మీద తేలుతుంటే బెండ్ చేసినప్పుడల్లా అదీ ముందుకి వంగుతుంది, దూరం లెక్క తప్పుతుంది. ఫ్లాయిడ్ రోజ్ అనే రకం తేలే బ్రిడ్జ్ ఉన్నవాళ్ళు ఒక ఆదివారం మొత్తం కేటాయించుకోండి. లేదా గేజ్ మార్చే ఆలోచన మానుకోండి, నాకైతే రెండోదే మంచిదనిపిస్తుంది. చివర్లో పన్నెండో మెట్టు దగ్గర శ్రుతి సరిచూసుకుని శాడిల్ జరపాలి, లావు తీగకి మామూలుగా కాస్త వెనక్కి.

సమయం అయిపోతోందట, సైగ చేస్తున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు.

ఏంటి బాబూ? "వేళ్ళు నొప్పి పుడుతున్నాయి, నేర్చుకుని నెల అయింది, 8 వేసుకోవచ్చా?" వేసుకో, తప్పేం లేదు. అయితే ముందు నీ గిటార్ తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో ఎవరికైనా చూపించు. కొత్తగా కొన్న చవక గిటార్లలో నొప్పి తీగ మందం వల్ల కన్నా తీగ ఎత్తు వల్లే ఎక్కువ. ఎత్తు సరిచేసి 9 మీద ఇంకో నెల చూడు. 8 మీద మొదలుపెట్టినవాళ్ళు కార్డ్‌ని అవసరానికి మించి నొక్కి, శ్రుతి ఎందుకు కలవట్లేదా అని ట్యూనర్ని తిట్టుకుంటారు.

ఆ పచ్చ చొక్కా అమ్మాయి. గట్టిగా చెప్పమ్మా. "పోయిన వారం 9 తీసి 10 వేశాను. ట్యూన్ చేస్తుంటే మూడో తీగ దగ్గర టిక్ టిక్‌మని చప్పుడొస్తోంది. బెండ్ చేసిన ప్రతిసారీ శ్రుతి పోతోంది. ట్యూనింగ్ కీలు మార్చాలా?" ఎవరు చెప్పారు కీలు మార్చమని? పేరొద్దులే. కీలు మార్చకు. 16 తీగ కోసం కోసిన గాడిలో 17 తీగ ఇరుక్కుంటోంది. నట్ దగ్గర పట్టేసి, బిగువు పెరిగాక ఒక్కసారి జారుతోంది, ఆ జారుడే టిక్‌మనే చప్పుడు. గాడిని కాస్త వెడల్పు చెయ్యాలి, కానీ చాకుతో మాత్రం కెలక్కు, ఎక్కువ కోస్తే మళ్ళీ పూడ్చలేం. ముందు గాడిలో పెన్సిల్ ముల్లు రుద్ది చూద్దాం, సగం కేసులు దానితోనే తీరిపోతాయి. గిటార్ తెచ్చావా? బయట ఉందా? పట్టుకురా తల్లీ, ఇక్కడే చూసేద్దాం. ఈలోగా ఎవరి దగ్గరైనా పెన్సిల్ ఉందా?